నూట డెబ్బై వోల్టులు

రిచీ స్ట్రీట్‌లో నన్ను పేరుతో పిలవరు.
"వాల్వు సారొచ్చాడు" అంటారు,
చెప్పకుండానే టీ తెప్పిస్తారు.
పదకొండేళ్ళుగా చచ్చిన రేడియోల పొట్టలు కోయించి
బెంగళూరు బి.ఇ.ఎల్. వాల్వులు ఏరుకుంటున్నాను.
పాత పంచెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని
కోడిగుడ్లు మోసుకెళ్ళేవాడిలా
ప్రతి గుంటకీ లేచి కూర్చుంటాను.

నాకు కావలసింది ఒక్క శబ్దం.

పెరంబూరు, రైల్వే వాళ్ళ హాలు, ఎనభై మూడు డిసెంబరు.
మెల్విన్ రొజారియో ఎర్ర గిటారు మీద
ఒకే ఒక్క తీగను పైకి సాగదీశాడు.
స్వరం వెంటనే రాలేదు.
మొహమాటపడే చుట్టంలా గుమ్మంలో కాసేపు ఆగి
తర్వాత ఇల్లంతా తనదే అన్నట్టు లోపలికొచ్చింది.
అంచుల్లో మాత్రం చుర్రుమంది,
కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు.
నాకు తొమ్మిదేళ్ళు. చేతిలో గోలీసోడా.
తాగడం మర్చిపోయాను.

ఆ తర్వాత కొన్న ఆంప్లిఫయర్ల లెక్క
ఇక్కడ రాయను. మా ఆవిడ చదువుతుంది.

చూలైలో కన్నియమ్మది ఫ్యాన్ కాయిళ్ళు చుట్టే కొట్టు.
వెంట్రుకకన్నా సన్నని రాగితీగను
ఆరు అయస్కాంతాల చుట్టూ ఎనిమిది వేల సార్లు తిప్పమంటే
ఎందుకని అడగలేదు, తీగ గ్రామెంతో చెప్పింది.
కుట్టుమిషను చక్రానికి సైకిలు మీటరు,
వేలికొసల మధ్య తీగ, పెదాల మీద అంకెలు.
బేరం అరవంలో, తిట్టు అరవంలో,
లెక్క మాత్రం తెలుగులో.
ఆరువేల చిల్లర దగ్గర తీగ తెగితే
నిట్టూర్పు కూడా లేదు. మళ్ళీ ఒకటి నుంచి.
"శబ్దం సంగతి నాకు తెలీదు నాయనా,
నాకు చుట్లు తెలుసు."

మొదటి పికప్ గీపెట్టింది.
రెండోది జలుబు చేసి ముక్కుతో పాడింది.
నాలుగోదాన్ని కొవ్వొత్తి మైనంలో ముంచాం,
మర్యాద నేర్చుకుంది, ప్రాణం పోయింది.
ఏడోది...
ఏడోది దాదాపు మెల్విన్.
గుమ్మంలో ఆగడం మాత్రం దానికి రాలేదు.

మెల్విన్ లేడు. ఆయన ఆంప్లిఫయర్ మోసిన గుణశీలన్
అయనావరంలో నీళ్ళ క్యాన్లు వేస్తున్నాడు.
నా ఏడు పికప్‌ల కథంతా విని, క్యాన్ దించి, ఒక్కటే అడిగాడు:
"ఆ రోజు హాల్లో ట్యూబ్‌లైట్లు వెలిగాయా?"
కళ్ళు మూసుకున్నాను.
రెండు కొసల్లో ఎర్రగా రాజుకుని
పట్టుకోలేక కొట్టుకుంటున్న ట్యూబ్‌లైట్లు.
"ఎలా వెలుగుతాయి?
సాయంత్రం ఏడైతే మాకొచ్చేది నూట డెబ్బై.
అది ఆకలితో పాడింది సార్.
ఆ రాత్రంతా మెల్విన్
పాడు కరెంటు, పాడు శబ్దమని తిట్టుకుంటూనే ఉన్నాడు."

ఇంటికొచ్చి చూసుకున్నాను.
నా ఆంప్లిఫయర్ కింద, తువాలు కప్పి, దేవుడి పటంలా
భద్రంగా పెట్టుకున్న స్టెబిలైజరు.
దాని వెనక అట్టముక్క మీద
నీలం సిరాలో: కన్నియమ్మ వైండింగ్, చూలై.

మర్నాడు విషయం చెబితే
ఆమె నవ్వడానికి మిషను ఆపాల్సి వచ్చింది.
"నలభై ఏళ్ళు ఈ ఊరికి కరెంటు పెంచి ఇచ్చాను.
తగ్గించమని వచ్చినవాడివి నువ్వొక్కడివే."
అయినా చుట్టింది. కరెంటుని కిందికి దించే
తలకిందుల స్టెబిలైజరు.

కొట్లోనే బిగించాం. వాల్వులు
రోజూకన్నా మందంగా, నిద్రకళ్ళతో ఎర్రబడ్డాయి.
వేళ్ళు చెమట. తీగను సాగదీశాను.

ఆగింది.
అక్కడే, గుమ్మంలో, ఆగింది.
వచ్చింది.
వచ్చింది మెల్వినో, ఆ డిసెంబరో, నేనో,
తొమ్మిదేళ్ళ చెవులు ఎక్కడినుంచి తేను?

కన్నియమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది.
"అదేనా?"
"దగ్గరకొచ్చింది."
ఆమె అప్పటికే స్క్రూడ్రైవరు అందుకుంటోంది.
"రెండొందల చుట్లు తీసి చూద్దామా?"